సాంచెల చప్పుడు, మా పిల్ల చెవులు

మా మనుమరాలికి మూడేళ్లు దాటినా మాటలు సరిగా రాకపోతే మేమెవరమూ దిగులు పడలేదు. పైగా గర్వపడ్డాం. ఇంటికి పెద్దదాన్ని నేనే కాబట్టి ఆ గర్వంలో పెద్ద వాటా నాదే.

మాది నేతపని ఇల్లు. ఉత్తర తెలంగాణ నుంచి సూరత్‌కు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. నేను బడికి పోయింది మూడో తరగతి వరకే. ఆ తర్వాత చేతికి కండెలు చుట్టే పని వచ్చింది, పలక పోయింది. లింబాయత్‌లో ఒక కార్ఖానా మీది గదిలో ఉండేవాళ్లం. నేను, నా కొడుకు, కోడలు, వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ. కింద సాంచెలు నడిచేవి. సాంచె అంటే కరెంటు మగ్గం. వారానికి ఒక పగలు కరెంటు సెలవు, అది తప్పితే అవి ఆగేవి కావు. ఆ చప్పుడు చెవి కంటే ముందు అరికాలికి తెలుస్తుంది. బిందెలో నీళ్లు ఎప్పుడూ సన్నగా వణుకుతూనే ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్లు తల పట్టుకుంటారు. నెల తిరిగేసరికి వాళ్లకూ అలవాటవుతుంది, గొంతు పెద్దదవుతుంది. మా గల్లీలో అందరం అరుచుకునే మాట్లాడుకుంటాం. బయటివాళ్లు చూస్తే పోట్లాట అనుకుంటారు.

కింద సాంచెల మధ్య అరుపు కూడా పనికిరాదు. అక్కడ చేతులతోనే మాట. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. అరచేయి కిందికి అదిమితే మగ్గం ఆపమని. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్ వచ్చిందని. పై పెదవి మీద వేలితో మీసం గీస్తే సేఠ్ వస్తున్నాడని. మా సేఠ్‌కు మీసం లేదు. ఆయన తండ్రికి ఉండేదట. తండ్రి పోయాడు, మీసం పోయింది, సైగ మాత్రం మిగిలింది.

మా పిల్ల ఈ భాషే ముందు నేర్చింది. ఏడాదిన్నర వయసులో బొటనవేలు పెదవికి ఆనించి పాలు అడిగింది. కొడుకు దాన్ని చంకనెత్తుకుని కిందికి తీసుకుపోతే, మీసం గీసి పనివాళ్లందరినీ ఉలిక్కిపడేలా చేసేది. "మగ్గం కడుపున పుట్టిందిరా ఇది," అని ఒకాయన అంటే నేను ఆ పొద్దే దిష్టి తీశాను. మాటలంటారా, 'అమ్మ', 'పా', 'దా', అంతే. నన్ను బాపమ్మా అని పిలవాల్సింది 'బా' అని ఆపేసేది. గట్టిగా కేకేస్తే తిరిగి చూసేది. మొహం చూపించి చెబితే చెప్పిన పని చేసేది. ఇక చెవుల మీద అనుమానం ఎవరికి వస్తుంది?

ఒక్క కోడలికి వచ్చింది. పిల్లకు రెండేళ్లప్పుడు ఒకరోజు చీరకు రాళ్లు అంటిస్తూ తలెత్తకుండా అంది.

"అత్తమ్మా, ఎనుకనుంచి పిలిస్తె పల్కుతలేదు. చెవులేమన్న..."

"నోరు మూయి. కన్నబిడ్డకు నువ్వే వంక పెడ్తవా? గల్లీల ఇన్నరంటె ముద్ర పడ్తది. నీ మొగుడు నాలుగేండ్లకు మాట్లాడిండు. ఇప్పుడు ఆపమన్న ఆపుతలేడు."

కోడలు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పక్క గదిలో మా ఊళ్ల దిక్కు నుంచే వచ్చిన ఒకామె ఉండేది. నా ఈడుదే, నన్ను వదినె అంటుంది. ఊరికి పోయి వస్తూ వసకొమ్ము తెచ్చింది. "నాలుకెకు రాయి వదినె. మా చిన్నోనికి రాసిన, వారం దినాలల్ల పిట్ట లెక్క పల్కిండు." ఖర్చు లేని వైద్యం, నాకు నచ్చింది. రోజూ పొద్దున సానరాయి మీద అరగదీసి, తేనె చుక్కలో రంగరించి పిల్ల నాలుక మీద రాశాను. పిల్ల మొహం చిట్లించేది, నేను గదవ పట్టుకుని రాసేదాన్ని. తప్పు చెవిలో ఉంటే నాలుకకు మందు రాస్తున్నానని నాకేం తెలుసు.

తాపీ నది దాటితే అడాజన్. అక్కడ ఒక ఫ్లాట్‌లో ఊడ్చి, తుడిచి, గిన్నెలు తోమే పని నాది. ఎన్నో ఏళ్లుగా అదే ఇల్లు. ఆ ఇంటి ఇల్లాలిని నేను బెన్ అంటాను, అంటే అక్క అని. ఆమె నన్ను మాసీ అంటుంది, అంటే పిన్ని అని. ఆమెకూ ఒక మనుమడున్నాడు, మా పిల్ల ఈడువాడే. ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తరు. ఫ్యాన్ తిరిగే చప్పుడు వినబడే ఇల్లది. మొదట్లో నాకు అక్కడ పని చేయడం ఇబ్బందిగా ఉండేది. గిన్నె మీద గిన్నె పెట్టినా నేనేదో తప్పు చేసినట్టు మోగేది.

ఒకరోజు కోడలికి జ్వరం వచ్చింది. పిల్లను వెంట తీసుకుపోయాను. ఇద్దరు పిల్లలూ హాలులో నేల మీద రంగుల చెక్కముక్కలు పేరుస్తున్నారు, ఇద్దరి వీపూ వంటగది వైపే. బెన్ గడపలో నిలబడి, తన మామూలు గొంతుతో, "బేటా, బిస్కిట్," అంది. వాడు చెక్కముక్కలు వదిలేసి పరుగెత్తాడు. మా పిల్ల కదల్లేదు. బెన్ మళ్లీ పిలిచింది. పేరు పెట్టి పిలిచింది. తాళంచేతుల గుత్తి తీసుకుని పిల్ల వెనక మెల్లగా ఆడించింది. మా పిల్ల చెక్క మీద చెక్క పెట్టుకుంటూనే ఉంది. వాడి చేతిలో బిస్కిట్ కళ్లబడ్డాకే లేచింది, నవ్వుకుంటూ.

"మాసీ, ఇస్‌కే కాన్ దిఖావో," అంది బెన్. దీని చెవులు చూపించు అని.

"మా పిల్లకు ఏ రోగమూ లేదు బెన్. ఆటలో పడింది."

"మావాడూ ఆటలోనే ఉన్నాడు కదా మాసీ."

ఆమె దెప్పి అనలేదు, అది నన్ను ఇంకా మండించింది. ఆమె లోపలికి పోయి ఒక ఫైలు తెచ్చింది. వాళ్ల పిల్లవాడు పుట్టిన మూడో రోజునే, ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే, చెవులు పరీక్ష చేసి ఇచ్చిన కాగితం అట. ప్లాస్టిక్ కవరులో మడత కూడా పడకుండా ఉంది. ఆ కాగితం నాకు చదవడం రాదు. మా పిల్ల పుట్టినప్పటి చీటీ ఏ డబ్బాలో ఉందో కూడా నాకు గుర్తులేదు. మా పిల్లకు బరువు తూచారు, సూదులు వేశారు, చుక్కలు పోశారు. చెవుల సంగతి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

బస్సులో నది దాటేవరకు బెన్‌ను మనసులో తిట్టుకున్నాను. నది దాటాక తిట్లు అయిపోయాయి. భయం మిగిలింది.

రెండు రోజుల తర్వాత సాంచెల సెలవు. కింద చప్పుడు లేదు. కొడుకు నిద్రపోతున్నాడు, కోడలు నీళ్లకు పోయింది. పిల్లను గోడ దిక్కు కూర్చోబెట్టి ముందు సీసా మూతలు పోశాను. నాలుగడుగులు వెనక్కి వచ్చి, బెన్ మాట్లాడినట్టే మెల్లగా అన్నాను.

"బిస్కిట్."

లేదు.

"చాక్లెట్ ఇస్తా దా."

లేదు.

"ఐస్‌క్రీం కొనిస్త, నడువు." నా ఇంట్లో నా నోటి నుంచి ఆ మాట రావడం ఎన్నడూ జరగలేదు. వినబడి ఉంటే ఆ పిల్ల నన్ను గుమ్మం దాకా ఈడ్చుకుపోయేది. అది మూతలు బోర్లించుకుంటూ కూర్చుంది. అప్పుడు మా ఇంట్లో అందరం పిలిచేలా అరిచాను. చటుక్కున తిరిగి నవ్వింది. ఆ నవ్వు వంక చూడలేకపోయాను.

అప్పటికి అర్థమైంది. మేము అరుస్తాం కాబట్టి దానికి వినబడుతోంది. మేము చేతులు ఆడిస్తాం కాబట్టి దానికి తెలుస్తోంది. మెల్లగా మాట్లాడే ఇంట్లో పుట్టి ఉంటే నెల రోజుల్లో దొరికిపోయేది. మా ఇంట్లో కాబట్టి మూడున్నరేళ్లు దాగింది.

కోడలు బిందె దించగానే చెప్పాను. "నువ్వు అప్పుడన్నది నిజమే. పిల్లకు ఇనవడ్తలేదు."

నేను ముందే చెప్పలేదా అని కోడలు అనలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. "నాకు ఎర్కనే అత్తమ్మా. చెంచ కిందేసి సుత చూసిన. మీకు చెప్తె తిడ్తరని..."

"తిడ్తనే. తిట్టినా మళ్ల చెప్పాలె. బిడ్డ నీదా, నాదా?"

"ఇద్దరిది," అంది.

ఆ పూట అన్నం నేనే వండాను. తప్పు ఒప్పుకోవడం నాకు అంతకంటే చేతకాదు.

బెన్‌కు చెబితే వెంటనే ఫోన్ చేసింది. వాళ్లకు తెలిసిన డాక్టర్ ఆ సాయంత్రమే చూస్తాడట. ఫీజు ఎంతో కూడా చెప్పింది. "చూద్దాం బెన్," అన్నాను. మాలో 'చూద్దాం' అంటే లేదని అర్థం. తాను ఇస్తానంది. వద్దన్నాను. పరీక్షతో అయిపోదు కదా, ఆ తర్వాత వచ్చే ప్రతి మెట్టుకూ చేయి చాపాలి. సర్కారు దవాఖానకే పోతానన్నాను.

పొద్దు పొడవక ముందే పోయి వరుసలో నిలబడ్డాం. కేస్ పేపర్ రాయించి, చెవుల డాక్టర్ దగ్గరికి చేరేసరికి పన్నెండయింది. ఆమె లైటు వేసి రెండు చెవుల్లో చూసింది. నిదానంగా, హిందీలో, నాకు అర్థమయ్యేలా చెప్పింది. రెండు దారులున్నాయి. చెవి నరం పాడై ఉంటే మిషన్ పెట్టాలి, ఎంత వింటుందో, ఎంత మాట్లాడుతుందో ఇప్పుడే చెప్పలేం, ఇప్పటికే ఆలస్యమైంది. అలా కాక చెవి పరద వెనక నీరు పట్టి ఉంటే బాగుచేయవచ్చు. ఏదన్నది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. పరీక్ష మిషన్ ఒకటే. చీటీ మీద తేదీ రాసింది. ఇరవై రెండు రోజుల తర్వాత.

నదికి అటువైపు ఆ సాయంత్రం. ఇటువైపు ఇరవై రెండు రోజులు.

ఇంటికొచ్చాక కొడుకు అన్నాడు. "ఇర్వై రెండు దినాలు ఆగలేమా అవ్వా? మూడేండ్లు ఆగినం."

"మూడేండ్లు తెల్వక ఆగినం. తెలిసినంక ఒక్క దినం సుత ఆగద్దు."

"ఆగక ఏం చేస్తవ్? తలుపు పల్గగొడ్తవా?"

"తలుపు ముంగట కూసుంట."

కూర్చున్నాను. మర్నాడు బెన్ దగ్గర సెలవు అడిగి, రొట్టెలు గుడ్డలో కట్టుకుని, పిల్లను తీసుకుని పరీక్ష గది ముందు గోడకు ఆనుకుని కూర్చున్నాను. తలుపు తీసినప్పుడల్లా లోపల పరీక్ష చేసే అమ్మాయికి ఒకే మాట చెప్పాను. "బేటీ, ఎవరైనా రాకపోతే వాళ్ల వంతు నాకివ్వు." చిన్న పిల్ల, పాతికేళ్లుంటాయేమో. మొదటిసారి విసుక్కుంది. రెండోసారి నవ్వింది. మూడోసారి, "మాసీ, మీ తేదీకి రండి," అని చేతులు జోడించింది. ఆ రోజు అందరూ వచ్చారు. మాకు వంతు రాలేదు. వేల పోగుల్లో తెగిన ఒక్క పోగు వెతికి ముడేసిన చేతులివి. కూర్చోవడం నాకు కష్టం కాదు. భయమే కష్టం. నరమా, నీరా? పిల్ల తల నా తొడ మీద పెట్టుకుని పడుకుంది. దాని చెవి నా కళ్ల ముందే ఉంది, చిన్నది, మెత్తటిది, పైకి ఏ వంకా లేనిది.

రెండో రోజు మధ్యాహ్నం ఎవరో రాలేదు. అమ్మాయి తలుపు తీసి, చేత్తో రమ్మంది.

ఆ గది తలుపు నా జానెడు మందం ఉంది. మూసేసరికి బయటి లోకం తెగిపోయింది. అంత నిశ్శబ్దంలో నేనెప్పుడూ కూర్చోలేదు. కానీ ఎక్కడో కీచురాయి కూస్తోంది, సన్నగా, ఆగకుండా.

"బేటీ, మిషన్ కీచుమంటోంది."

"మిషన్ ఇంకా పెట్టలేదు మాసీ." కేస్ పేపర్ మీద లింబాయత్ అని చదివింది. "అది మీ చెవిలో. ఎన్నేళ్లు మగ్గాల దగ్గర ఉన్నారు?"

ముప్పై ఏళ్లుగా నా చెవిలో కూస్తున్నదాన్ని నేను ఆ రోజు మొదటిసారి విన్నాను.

పిల్ల పరీక్ష మొదలైంది. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి చెక్కముక్క ఇచ్చి, చప్పుడు వినబడగానే డబ్బాలో వేయమని చూపించింది. మా పిల్ల చెక్కముక్క పట్టుకుని అమ్మాయి మొహం వైపే చూస్తోంది. అమ్మాయి కాగితం అడ్డం పెట్టుకుంటే, పిల్ల పక్కకు వంగి కాగితం వెనక పెదవులు వెతికింది.

"ఎంత తెలివైనదో చూశారా," అంది అమ్మాయి. "ఇన్నాళ్లూ కళ్లతో నెట్టుకొచ్చింది."

మీట తిప్పుతూ పోయింది. చెక్కముక్క పడలేదు. ఇంకా తిప్పింది. పడలేదు. ఇంకా. అప్పుడు పడింది, ఒక్కటి. మీట ఎంత దూరం తిరిగిందో నేను చూశాను.

తర్వాత హెడ్‌ఫోన్లు తీసేసి చెవి వెనక ఎముక మీద చిన్న బిళ్లలాంటిది ఆనించి పట్టీ కట్టింది. మీటను మొదటికి తిప్పింది. టక్. చెక్కముక్క డబ్బాలో పడింది. నేను పొరపాటున పడిందనుకున్నాను. మళ్లీ టక్. మళ్లీ. పిల్లకు ఆట అర్థమైంది, చెక్కముక్కలన్నీ అయిపోయాయి, ఇంకా ఇమ్మని చేయి చాపింది.

అమ్మాయి నా వైపు తిరిగింది. "నరం బాగుంది మాసీ. ఎముక దారిన పోయిన చప్పుడు చక్కగా వింటోంది. పరద వెనక జిగట నీరు నిండిపోయి దారి మూసుకుంది, అంతే. తీసేయవచ్చు."

"తీసేస్తే?"

"వింటుంది."

"మాటలు?"

"నేర్పితే వస్తాయి. కొంచెం వెనకబడింది, అందుకుంటుంది."

నేను ఏడ్చే మనిషిని కాదు. నీళ్ల సీసా మూత తీసి, తాగి, మూత పెట్టి, మళ్లీ తీసి తాగాను. ఆ అమ్మాయి చూసి చూడనట్టు కాగితం రాసుకుంది.

అంతలో చెవుల డాక్టరమ్మ లోపలికి వచ్చింది. తెల్లకోటు, వెనక ఇద్దరు. ఆమెను చూడగానే మా పిల్ల పై పెదవి మీద మీసం గీసి నాకు చూపించింది. సేఠ్ వచ్చాడని. నేను ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. ఏంటని అడిగితే చెప్పాల్సి వచ్చింది. డాక్టరమ్మ గట్టిగా నవ్వింది, తానూ మీసం గీసి చూపించింది. తర్వాత కలం తీసి అడిగింది.

"ముక్కు ఎప్పటి నుంచి కారుతోంది?"

"పుట్టినప్పటి నుంచి. మా గల్లీలో ముక్కు కారని పిల్ల లేదు డాక్టర్ సాబ్."

ఆమె కలం ఆపింది. "అందరికీ ఉంటే అది రోగం కాదా మాసీ?"

ఆ మాట నాతో ఇంటికి వచ్చింది. కార్ఖానాలో దగ్గు, మా చెవుల్లో కూత, పిల్లల ముక్కులు, గాలిలో ఎగిరే పోగుల నూగు, అన్నీ మాకు అలవాట్లు. అడాజన్‌లో ఒక్కోదానికి ఒక్కో పేరుంది, ఒక్కో డాక్టర్ ఉన్నాడు. బెన్ మనుమడు రెండుసార్లు తుమ్మితే ఫోన్ చేస్తారు. మేము ఓర్చుకోవడాన్ని గొప్పతనం అనుకున్నాం. పెద్దవాళ్లం ఓర్చుకుంటే మా ఖర్మ. పిల్ల చేత ఓర్పించాం, అది తప్పు.

కొన్ని వారాలు ముక్కుకు మందు వేసి చూశారు. నీరు ఆరలేదు. చిన్న ఆపరేషన్ అన్నారు. ఉచిత వైద్యం కార్డు మా సొంతూరి పేరు మీద ఉందని, చెల్లదని ఒక కిటికీ దగ్గర చెప్పారు. చెల్లుతుందని ఇంకో కిటికీ దగ్గర చెప్పారు. రెండో కిటికీ మాట పట్టుకుని మొదటి కిటికీ దగ్గర నిలబడ్డాను, కాగితం మీద ముద్ర పడేదాకా కదల్లేదు. ఆపరేషన్ రోజు పిల్ల పొద్దున్నుంచి పాలు లేక బొటనవేలు పెదవికి ఆనించి ఆనించి అలసిపోయింది. కోడలు మొహం తిప్పుకుంది. కొడుకు పని మాని వచ్చాడు. ముక్కు వెనక పెరిగిన కండ తీసి, చెవి పరదల్లో ఆవగింజంత గొట్టాలు పెట్టారు. వాటంతట అవే కొన్నాళ్లకు రాలిపోతాయట. చెవుల్లో నీళ్లు పడకుండా చూసుకోమన్నారు.

మర్నాడు ఇంటికి పంపారు. మందుల ప్లాస్టిక్ సంచి పిల్ల చేతికిచ్చాను. బయట మెట్ల మీద అది ఆగిపోయింది. సంచి నలిపింది. చెవి దగ్గర పెట్టుకుంది. మళ్లీ నలిపింది. నోరు తెరుచుకుని తండ్రిని చూసింది, ఇది విన్నావా అన్నట్టు. ఆటోలో దారి పొడుగునా నలుపుతూనే ఉంది. మామూలుగా అయితే, "సంచి చినిగితే ఎట్లనే," అని చేతిలోంచి గుంజుకునేదాన్ని. ఆ రోజు ఇంకో సంచి కూడా ఇచ్చాను.

మా గల్లీ మలుపు తిరిగేసరికి సాంచెల చప్పుడు అందుకుంది. పిల్ల రెండు చెవులు మూసుకుని తండ్రి మెడలో మొహం దాచి ఏడ్చింది. పుట్టి పెరిగిన ఇంటికి రానని ఏడ్చింది. నా కొడుకు గల్లీ నడుమ అలాగే నిలబడిపోయాడు.

"అవ్వా, ఇంత చప్పుడు ఉంటదా మనింట్ల? నాకు ఎర్కలేదు," అన్నాడు.

వాడి చెవులు కూడా పరీక్ష చేయించాను. పని చెడుతుందని మొరాయించాడు, నేను వినలేదు. సన్నటి శబ్దాలు పోయాయట. అవి తిరిగి రావు. ఇక ముందు పోకుండా రబ్బరు బిరడాలు పెట్టుకోమన్నారు. "అయి పెట్టుకుంటె సాంచె ఏడ దెబ్బతిన్నదో చెవికి ఎట్ల ఎరుకైతది?" అంటాడు. మేస్త్రీ ఎగతాళి చేస్తాడంటాడు. కొన్ని రోజులు పెట్టుకుంటాడు, కొన్ని రోజులు జేబులో పెట్టుకుపోయి అలాగే తెస్తాడు. జేబు తడిమి చూస్తాను, తిడతాను. ఆ పోరు ఇంకా తీరలేదు.

కానీ ఇల్లు మారాం. డిండోలిలో, సాంచెలకు దూరంగా, కింది అంతస్తు గది. అద్దె ఎక్కువ, కొడుకు పనికి పోవడానికి ఆటో ఎక్కాలి. మారదామని నేనే అంటే వాడు నమ్మలేక రెండుసార్లు అడిగాడు. వారానికోసారి దవాఖానలో మాటలు నేర్పే టీచరమ్మ దగ్గరికి తీసుకుపోతున్నాం. ఆమె పిల్లకంటే ముందు మాకే పాఠం చెప్పింది. మెల్లగా మాట్లాడండి, మొహం చూసి మాట్లాడండి, ఒక్కొక్కరుగా మాట్లాడండి. అరవకుండా కూర అడగడం నా కొడుక్కి అలవాటు కావడానికి నెల పట్టింది. పిల్లకు ఒక్కో మాట వస్తోంది. 'బా' కాస్తా బాపమ్మ అయింది. వారం వారం లెక్కపెట్టుకునేవాళ్లం, తర్వాత లెక్క తప్పింది.

పాత ఇంటి పక్కామె, వస తెచ్చినామె, ఒక ఆదివారం చూడడానికి వచ్చింది. నేను గుమ్మంలో బియ్యం చెరుగుతున్నాను. పిల్ల నా వెనక గోడ దిక్కు తిరిగి ఏవో సర్దుకుంటోంది. ఆమె గల్లీ చివర ఆటో దిగుతూనే ఆటోవానితో మొదలుపెట్టింది. ఆ గొంతు విని నేను చాటలోకి తల వంచి, పెదవులు కదిలీ కదలకుండా, "అచ్చింది వాగుడుకాయ," అని గొణుక్కున్నాను.

ఆమె గడపలో కాలు పెట్టీ పెట్టకముందే మా పిల్ల లేచి నిలబడి, గట్టిగా, గల్లీ అంతా వినేలా అంది.

"బాపమ్మా! వాగుడుకాయ అచ్చింది!"

ఆమె ఒక కాలు లోపల, ఒక కాలు బయట నిలిచిపోయింది. "ఏంది వదినె? పిల్లకు మాటలు నేర్పుతున్న అంటె గియ్యేనా నేర్పేది? ఆటోకు పైసలు పెట్టుకోని నన్ను నేను తిట్టిచ్చుకుందామని అచ్చిన్నా?"

"ఆగు, జర ఆగు. ఏమన్నది?"

"ఇనలేదా? వాగుడుకాయ అన్నది!"

"అన్ని అక్షరాలు పల్కిందా? నడుమ ఏమన్న మింగిందా?"

"మింగుడేంది? కడిగిన ముత్యం లెక్క అన్నది!"

"నేను నోట్లనే అనుకున్న. అది గోడ దిక్కు చూస్తాంది. నా మొకం సుత చూడలే," అన్నాను. చాట పక్కన పెట్టాను, చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి. "నా మొకం చూడలే."

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. కోపం మొహంలోనే ఉంది, కళ్లు మాత్రం మారాయి. గడప మీదే కూలబడింది. పిల్ల మళ్లీ గోడ దిక్కు తిరిగి తన పనిలో పడింది. ఆమె గొంతు బాగా తగ్గించి, ఆమెకు అంత చిన్న గొంతు ఉందని నాకే తెలియదు, అడిగింది.

"బిడ్డా, నేనెవరే?"

పిల్ల తిరిగి చూడకుండానే చెప్పింది. "వాగుడుకాయ."

ఇద్దరం కళ్లు తుడుచుకునేదాకా నవ్వాం. తిట్టింది నేనే, పిల్ల కాదని ఒప్పుకున్నాను. ఆమె తనకు ముందే తెలుసంది. పాలు ఎక్కువ పోసి చాయ్ పెట్టాను. ఆ రోజు నుంచి ఎవరినైనా తిట్టుకోవాల్సి వస్తే వాకిట్లోకి పోయి తిట్టుకుని వస్తున్నాను.